కుట్టు శిక్షణలో షటిల్ విప్పడమూ నేర్పాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

సంక్రాంతి ముందు వారం రోజులు మా అల్లూరు మండలంలో ఇంటి వద్ద జాకెట్లు కుట్టే ఆడవాళ్లకు రాత్రీ పగలూ తీరిక ఉండదు. మిషను పట్టేసేది కూడా సరిగ్గా అప్పుడే. మొన్నటి పండుగకు మా పక్కింటి అమ్మాయికి అదే జరిగింది. భోగికి ముందు రోజు చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయి, గుడ్డ దాన్ని ముందుకు జరిపే మిషను పళ్ల మీద ఇరుక్కుని, అడుగున దారం పిచ్చుక గూడులా ముద్దకట్టింది. మిషనును ఆటోలో వేసుకుని నెల్లూరు తీసుకువెళితే, మరమ్మతు చేసే ఆయన సూది కింద ఆడుతూ కుట్టు ముడివేసే షటిల్ అనే భాగాన్ని విప్పి, లోపల చుట్టుకున్న బెత్తెడు దారపు ముక్కను పట్టకారుతో లాగి, టీ చల్లారేలోపు పని ముగించారట. ఆటో కిరాయి, ఆ రోజు పోయిన పని, సమయానికి ఇవ్వలేకపోయిన ఆరు జాకెట్లు లెక్క వేసుకుంటే, అంత ఖరీదైన దారం ఏ బజారులోనూ దొరకదు.

ఆ అమ్మాయి అంతకు ముందే ఒక కేంద్రంలో కుట్టు శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ తీసుకుంది. చంక కత్తిరింపు, పైపింగు, డోరీలు అన్నీ అక్కడ చక్కగా నేర్పారు కానీ, షటిల్‌ను ఎలా బయటకు తీయాలో, ఎలా తిరిగి పెట్టాలో ఎవరూ చూపలేదు. ఇరవై ఆరేళ్లుగా మిషను తొక్కుతున్న దానిగా, ఈ లోటు గురించి తమ పత్రిక ద్వారా శిక్షణలు నడిపేవారికి విన్నవించదలచాను.

దారం గుడ్డ అడుగున ముద్దకట్టడం చూసినవారు తప్పు అడుగు దారం చుట్టి ఉండే బాబిన్‌దే అనుకుని, వెంటనే అది కూర్చునే బాబిన్ కేసు మీది చిన్న స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. నేనూ మొదటి రెండేళ్లు ఆ పనే చేసి, బాగున్న కేసును పాడుచేసుకున్నాను. బాబిన్‌లో వేరే రంగు దారం వేసి చూస్తే, ఆ ముద్దలో ఎక్కువ భాగం పై దారమేనని తెలిసిపోతుంది. సూది కిందికి దిగినప్పుడు షటిల్ మొన పై దారాన్ని ఉచ్చులా అందుకుని బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది. ఆ ఉచ్చును మళ్లీ పైకి లాగి కుట్టును బిగించవలసినది మిషను ముందు భాగంలో పైకీ కిందికీ ఆడే కన్నపు లివరు. పై దారం దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగకపోయినా, ఆ లివరు కన్నంలో నుంచి జారిపోయినా, లాగడానికి బిగువు ఉండదు కనుక ప్రతి కుట్టుకూ కొంత దారం అడుగునే మిగిలి, నాలుగు కుట్లు పడేసరికి షటిల్‌కు చుట్టుకుంటుంది. గుడ్డను అదిమిపట్టే మిషను పాదం పైకెత్తినప్పుడే ఆ బిళ్లలు వదులవుతాయి. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్లల అంచునే నిలిచిపోతుంది. అందుచేత పాదం ఎత్తి, రీలు దగ్గర నుంచి మళ్లీ దారం ఎక్కించి, పాదం దించి లాగి చూడాలి. దారం బిగువుగా వస్తే బాబిన్ కేసు జోలికి పోనవసరం లేదు. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ వెనక్కి పట్టుకుని రెండు మూడు కుట్లు వేసే అలవాటు చేసుకున్నా ఈ బాధ సగం తగ్గుతుంది.

చక్రం పూర్తిగా బిగుసుకుంటే మాత్రం బలం చూపకూడదు. మోటారు బిగించిన మిషను అయితే ముందు ప్లగ్గు తీసేయాలి; కదలని మిషను మీద పెడల్ అదిమి పట్టుకుంటే మోటారు కాలిపోతుంది. చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపుతూ, చిక్కిన దారాన్ని చిన్న కత్తెరతో తెంపి, గుడ్డను వదిలించాలి. సూదిని పైకి తెచ్చి, బాబిన్ కేసు తీసి, షటిల్ పక్కన ఉండే రెండు కొక్కేలను విడదీస్తే, మన ఇళ్లలో ఉండే మామూలు నల్ల మిషనులో షటిల్ చేతిలోకి వచ్చేస్తుంది. లోపలి గాడిలో ఇరుక్కున్న దారాన్నీ, దూదిలా పేరుకున్న నూగునూ తుడిచి, ఒక చుక్క నూనె వేసి మళ్లీ పెట్టేయవచ్చు. చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే అది జామ్ కానే కాదు. బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసిన చక్రం మధ్య బిళ్లను తిరిగి బిగించడం మరిచిపోయి ఉంటారు.

నూనె గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఇసకపల్లి ఉప్పు కొఠార్లకు దగ్గరలో ఉన్న మాకు సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక, మిషనుకు నూనె వేయాలన్న ధ్యాస అందరికీ ఉంది. వేసేది మాత్రం చేతికి అందిన కొబ్బరి నూనెనో, వంట నూనెనో. అవి కొన్నాళ్లకు జిగటగా మారి, రెండు నెలలు వాడకుండా మూల పెట్టిన మిషనును బంకలా పట్టేస్తాయి. మిషను నూనె సీసా ఒకటి కొనుక్కుంటే నెలల తరబడి వస్తుంది. సూది కూడా అంతే. మొన అరిగినా, తుప్పు పట్టినా మార్చాల్సిందే. పలుచని జాకెట్టు గుడ్డకు 11 లేదా 14 నంబరు, మందపు గుడ్డకు 16 నంబరు సూది వాడాలి. దానికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలి.

చేతివృత్తుల వారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. అందులో ప్రాథమిక శిక్షణ 40 గంటలు ఉంటుంది, పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం అందుతుంది. అటువంటి శిక్షణలన్నింటిలోనూ రెండు గంటలు మిషను విప్పి బిగించడానికి కేటాయించాలనీ, ఇచ్చే పనిముట్లతో పాటు ఒక స్క్రూడ్రైవరు, నూగు తుడిచే బ్రష్షు, మిషను నూనె, అరడజను సూదులు ఉండేలా చూడాలనీ కోరుతున్నాను. పరీక్ష నాడు కుట్టిన జాకెట్టును ఎలాగూ చూస్తారు. అదే రోజు షటిల్ విప్పించి, తిరిగి పెట్టించి, ఒక జానెడు కుట్టు వేయించి చూసిన తరువాతే సర్టిఫికెట్ చేతికి ఇవ్వాలని నా మనవి.

ఇట్లు,
కుట్టు పని చేసే ఒక మహిళ,
అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా.