పాత ల్యాప్‌టాప్ లేచి కూర్చుంది

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. ఈ పది రోజులూ ఓ ముసలి ప్రాణానికి సేవ చేస్తూ కూర్చున్నా. నువ్వేమో "ల్యాప్‌టాప్ తుక్కు కింద ఇచ్చేస్తున్నాను, దాని మీద విండోస్ 11 ఎక్కదట" అని రాశావు. ఆగరా బాబూ, ఇచ్చేయకు. ముందు నా గోల విను.

నాన్న వాడిన నల్ల ల్యాప్‌టాప్ గుర్తుందిగా, మూత తీస్తే కిర్రుమనేది? కోర్ టు డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్. బటన్ నొక్కి వెళ్లి స్నానం చేసొచ్చినా ఇంకా గుడ్లు తిప్పుతూ ఉండేది. విండోస్ 7 ఉంది దాంట్లో. దానికి అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. నీ దాంట్లో ఉన్న విండోస్ 10కీ 2025 అక్టోబర్ 14తో అదే గతి పట్టింది. పదకొండేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటుంది, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలంటుంది. మా దానికి రెండూ లేవు. ఇక మిగిలింది లైనక్సే, అదేరా, విండోస్ బదులు ఉచితంగా ఎక్కించుకునే ఆపరేటింగ్ సిస్టమ్. దాంట్లో బోలెడు రకాలు.

లైనక్స్ అనగానే ఏ లైనక్స్ అన్న తంటా మొదలవుతుంది. ఎవరిని అడిగినా తను వాడేదే దేవుడంటాడు. టైనీ కోర్ అని ఒకటుంది, మొత్తం కలిపి ఓ నాలుగైదు ఫోన్ ఫొటోలంత సైజు, కానీ కావలసినవన్నీ మనమే ఏరి తెచ్చుకోవాలి. పప్పీ అయితే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేసి అక్కడి నుంచే నడుస్తుంది, ముచ్చటగా ఉంటుంది. 4 జీబీ ఉన్న నీలాంటి వాళ్లకి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ లుబుంటు గానీ హాయి. నేను యాంటీఎక్స్ తీసుకున్నా. డెబియన్ అనే ఇంకో లైనక్స్ మీద కట్టిందే, కానీ బరువైన డెస్క్‌టాప్ హంగులేవీ లేకుండా తెర మీద కిటికీలు సర్దే ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌తో వస్తుంది. చూడ్డానికి పాతకాలపు వాలకం. దాని మొహం చూసి పెళ్లి చేసుకోవాలా ఏంటి, నడిస్తే చాలు.

ఇక్కడ ఓ తప్పు చెయ్యబోయాను, నువ్వూ చేస్తావు కాబట్టి చెబుతున్నా. మా దాంట్లో ఉన్నది 32-బిట్ విండోస్, అంటే ప్రాసెసర్ ఒక్క గుక్కలో 32 బిట్ల లెక్కే చూసే పాత రకం. దాంతో యంత్రం కూడా 32-బిట్‌దే అనుకున్నా. కాదురా! కోర్ టు డ్యుయో పుట్టుకతోనే 64-బిట్. ఎక్కించినవాళ్లు 32 ఎక్కించారంతే. ప్రాసెసర్ పేరు చూసి తేల్చుకో, విండోస్ మాట నమ్మకు. నిజంగా 32-బిట్‌దైతే మాత్రం దారులు మూసుకుపోతున్నాయి. 2025లో వచ్చిన డెబియన్ 13కి 32-బిట్ పీసీలకి ఇన్‌స్టాలరే లేదు.

తర్వాతి ఘనకార్యం విను. ఐఎస్‌ఓ ఫైలు, అంటే లైనక్స్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టిన ఫైలు, దించుకుని, పాటలు కాపీ చేసినట్టు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసేశా. పెట్టి ఆన్ చేస్తే మామూలుగా విండోస్సే లేస్తుంది. అరగంట పాటు ల్యాప్‌టాప్‌ని తిట్టా. దాని తప్పేముంది పాపం? ఐఎస్‌ఓని కాపీ చేస్తే సరిపోదు, రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో పెన్ డ్రైవ్ మీద రాయాలి. రాసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకో. ఆ తర్వాత ఆన్ చేయగానే, దేని మీంచి లేవాలో ఎంచుకునే బూట్ మెనూ మీట నొక్కాలి. కొన్నిట్లో ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9, కొన్నిట్లో ఎస్కేప్. ఏదో తెలీక నేను పియానో వాయించినట్టు వరసగా అన్నీ నొక్కా.

లేచింది! ఇంకా డిస్క్ ముట్టుకోనేలేదు, పెన్ డ్రైవ్ మీదే మొత్తం నడుస్తోంది. దీన్ని లైవ్ అంటారు. నువ్వు ముందు ఇక్కడే ఓ రోజంతా గడుపు. సౌండ్ వస్తోందా, వైఫై దొరుకుతోందా, మూత వేస్తే నిద్రపోయి మళ్లీ లేస్తోందా అన్నీ చూసుకో. నచ్చకపోతే పెన్ డ్రైవ్ పీకేస్తే సరి, నీ విండోస్ చెక్కుచెదరదు. నేను అక్కడి నుంచే హార్డ్ డిస్క్ తెరిచి నాన్న ఫొటోలన్నీ వేరే డ్రైవ్‌లోకి తోడేశా. ఇన్‌స్టాల్ చేశాక "అయ్యో" అంటే ఎవడూ ఏమీ చెయ్యలేడు.

వైఫై దొరకలేదు మొదట. ఆ వైఫై కార్డుని నడిపే ఫర్మ్‌వేర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ విడిగా తెచ్చుకోవాలట, తెచ్చుకుందామంటే నెట్ లేదు! ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే ఆ చిక్కు విడిపోయింది. నెట్ వచ్చిందని సంబరపడితే ఏ సైటు తెరిచినా "సురక్షితం కాదు" అని ఒకటే గొడవ. గంట బుర్ర బద్దలు కొట్టుకున్నాక ఓ మూలనున్న గడియారం చూశా. 2008 జనవరి అంటోంది! లోపల గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది, తేదీ మొదటికి వెళ్లిపోయింది. సైట్లు అసలైనవేనని చెప్పే సర్టిఫికెట్లన్నీ దాని లెక్కలో ఇంకా పుట్టలేదు మరి. బ్యాటరీ మార్చి టైమ్ సరిచేస్తే అన్నీ దారికొచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఏమీ తెరవకుండా ఉంటే దీనికి 200 ఎంబీ చిల్లర ర్యామ్ చాలు. అబ్బో అనుకుని బ్రౌజర్ తెరిచా. ఐదు ట్యాబులకే గిగాబైటు దాటిపోయింది. తేలికపాటి లైనక్స్ వేస్తే చాలు అని ఊదరగొట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ఇల్లు ఎంత ఖాళీ చేసినా వచ్చే చుట్టం ఏనుగే. జడ్‌ర్యామ్ అని ఒకటి ఆన్ చేశా, పెట్టెలో బట్టలు మడతపెట్టి కుక్కినట్టు మెమరీలో ఉన్నదాన్నే కుదించి చోటు చేస్తుంది. కొంత నయం. అయినా పది ట్యాబులు తెరుస్తానంటే కుదరదు. యూట్యూబ్ 480పీ దగ్గర హాయిగా ఆడుతుంది, 720పీ అంటే రొప్పుతుంది. అక్కడ వీపీ9 అనే పద్ధతిలో కుదించి పంపే వీడియోని విప్పడం ఈ ప్రాసెసర్‌కి భారం. దానికన్నా తేలికైన హెచ్.264 రకాన్నే పంపమని అడిగే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టాక కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఇంత చేసినా ఆన్ అవడానికి నిమిషం పైనే పట్టేది. చివరికి హార్డ్ డిస్క్ తీసేసి, తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతోనే పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టా. నాలుగు స్క్రూల పని. ప్రాణం వచ్చిందంటే అప్పుడొచ్చిందిరా! 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 చుట్లు) డిస్క్ అంటే పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు. పైగా దాని చెయ్యి చోటు వెతుక్కుంటూ అటూ ఇటూ జరగాలి. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకి ఓ వంద చదివితే గొప్ప. ఎస్ఎస్‌డీకి వేలల్లో చదవడం ఓ లెక్క కాదు. ఇన్నేళ్లూ ప్రాసెసర్‌ని ముసలిదని తిట్టాం, అది పాపం డిస్క్ కోసం చేతులు కట్టుకుని కూర్చుందంతే. అందుకే నీకు ముందే చెబుతున్నా, లైనక్స్ ఏది అని నెలరోజులు ఆలోచించకు, ఎస్ఎస్‌డీ మాత్రం పెట్టించు. విప్పినప్పుడే ఫ్యాన్‌లో దుమ్ము కూడా దులుపు. మా దాంట్లోంచి చిన్న దిండు నింపడానికి సరిపడా వచ్చింది.

నాన్నకి చూపించా. ఎస్ఎస్‌డీ గురించీ, జడ్‌ర్యామ్ గురించీ పావుగంట ఉపన్యాసం ఇచ్చా. అంతా విని, "పేకముక్కల ఆట ఏదిరా?" అన్నారు. అది ఎక్కించాక గానీ పాస్ మార్కులు వెయ్యలేదు.

నీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో రాసి పంపు. పెన్ డ్రైవ్ నేనే తయారుచేసి పంపిస్తా. అన్నట్టు, నాన్న ఫొటోలు తోడుతుంటే మన కాలేజీ రోజులవి ఓ ఫోల్డర్ నిండా దొరికాయి. నువ్వు ఆ సన్నమీసం పెంచావు చూడు, అది కూడా భద్రంగా ఉంది. ఒకటి ప్రింట్ తీసి దీంతో జతచేస్తున్నా. మీ ఆవిడకి చూపించు.

నీ,
గోపి