ఎనిమిదో తరగతి బోర్డు మీద నెమెసిస్

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఎనిమిదో తరగతికి వెళ్తే బోర్డు మూల సుద్దముక్కతో ఇద్దరబ్బాయిల పేర్లు, మధ్యలో బాణం గుర్తు, దాని మీద ‘నెమెసిస్’ అని రాసి ఉంది. ఎవరు రాశారని నేను అడగలేదు, ఆ మాటకి అర్థమేంటని అడిగాను. ‘శత్రువు మేడమ్’ అన్నారంతా. వీడియో గేముల్లో విని నేర్చుకున్నారట. ఒకమ్మాయి మాత్రం ‘పగ తీర్చుకునేవాడు’ అంది.

ఇంగ్లీషులో ఇప్పుడు ఆ రెండర్థాలూ వాడుకలో ఉన్నాయి, తప్పేం కాదు. కానీ అసలు నెమెసిస్ ఒక గ్రీకు దేవత. ‘నెమెయిన్’ అంటే పంచిపెట్టడం, ఎవరికి రావాల్సింది వాళ్లకి ఇవ్వడం, ఆ మాటలోంచే ఆమె పేరు పుట్టింది. ఆమెకి ఎవరి మీదా సొంత కక్ష లేదు, హద్దు మీరి విర్రవీగినవాళ్లకి దక్కాల్సింది దక్కేలా చూస్తుంది, అంతే. మన పెద్దవాళ్లు ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా’ అంటారే, దాదాపు అదే.

పిల్లలకి ఒక కథ చెప్పాను. క్రీ.పూ. 490లో పర్షియన్లు ఏథెన్స్ మీదికి దండెత్తి మారథాన్ దగ్గర దిగారు. గెలుపు మాదే అన్న ధీమాతో విజయచిహ్నం చెక్కించడానికి పారోస్ దీవి పాలరాయి కూడా వెంట తెచ్చుకున్నారట. చిత్తుగా ఓడిపోయారు. ఆ రాతితోనే మారథాన్‌కి దగ్గర్లోని రామ్నస్ ఊళ్లో నెమెసిస్ విగ్రహం చెక్కారని క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఆ విగ్రహం తల ముక్క ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇది విన్నాక క్లాసు కాసేపు చప్పుడు లేకుండా కూర్చుంది.

తర్వాత ఆ బోర్డు మీది ఇద్దరి గురించి వాళ్లే మాట్లాడుకున్నారు. క్రికెట్ టీమ్‌లో చోటు దగ్గర మాట పట్టింపు వచ్చింది, నాలుగు రోజులుగా మాటల్లేవు. దానికి తెలుగులో ‘కటీఫ్’ అనే మాట ఉంది కదరా, పగ దాకా ఎందుకు వెళ్లారు అంటే ఇద్దరూ తల దించుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు మనసు చివుక్కుమంది, ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలు వాళ్లు.

ఈ వారం మీ ఇంట్లో పిల్లలతో కూర్చుని కినుక, అక్కసు, కసి, కక్ష, పగ, వీటిలో ఏది ఎప్పుడు వాడతారో మాట్లాడండి. మీ ఊళ్లో ఇంకేమైనా మాటలుంటే డైరీలో రాసి పంపండి, శుక్రవారం లైబ్రరీ పీరియడ్‌లో చదివిస్తాను.

మీ ప్రధానోపాధ్యాయురాలు