దీపం వెలిగించారు సరే, చర్చ మాటేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఉత్తర బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల నుంచి కణం తీసుకునే నకలు) జీవశాస్త్రం, జన్యు నియంత్రణపై ఇటీవల శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. ఆ వార్తను మీరు బెంగళూరు పేజీలో వేశారు. జ్యోతి ప్రజ్వలన ఫొటో, వేదికను అలంకరించినవారి పేర్లు, శాలువా సత్కారం అన్నీ అందులో ఉన్నాయి గానీ, లోపల ఏం చర్చించారో ఒక్క వాక్యమైనా లేదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, బయటివారిని అనుమతించిన సాయంత్రం ఉపన్యాసానికి, పరిశోధనలను వివరించే పోస్టర్ల ప్రదర్శనకు నేనూ వెళ్లాను. అక్కడ విన్న సంగతులు మీ పాఠకులకు దూరమైనవేమీ కావు.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేవి అవే జన్యువులు. అయినా కాలేయ కణం కాలేయ కణంగా, నాడీకణం నాడీకణంగా ఉంటున్నాయంటే, ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పనిచేయాలో అదుపు చేసే ఏర్పాటు ఉండబట్టే. ఆ అదుపులో చిన్న ఆర్‌ఎన్‌ఏలకూ పాత్ర ఉందని విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కన్ 1993లో ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో కనిపెట్టారు. చాలాకాలం అది ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. అలాంటిదే మరో ఆర్‌ఎన్‌ఏ మనుషుల్లోనూ ఉందని 2000లో తేలింది. 2024లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు విషయానికి వస్తాను. '16 కోట్ల ఇంజెక్షన్' కోసం దాతల సాయం కోరే పసిపిల్లల వార్తలు తెలుగు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఆ జబ్బు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు లోపించడం వల్ల కండరాలను కదిలించే నాడీకణాలు నశిస్తాయి. దాదాపు అదే పోలికలో ఉండే ఎస్‌ఎంఎన్2 ఆ పిల్లల్లో ఉన్నా, జన్యు లిపిలో కీలకమైన ఒక్క అక్షరం తేడా వల్ల, దాని ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికే దశలో ఏడో ఎక్సాన్ (చివరిదాకా నిలవాల్సిన ముక్కల్లో ఏడోది) చాలాసార్లు తెగిపోతుంది. విలేకరి పంపిన కాపీలో అనవసరమైన పేరాలతోపాటు అసలు సంగతి ఉన్న పేరానూ డెస్కువారు కొట్టేసినట్లన్నమాట. 16 కోట్ల ఇంజెక్షన్ వైరస్ ద్వారా కొత్త జన్యువును అందిస్తుంది. అమెరికాలో 2016లో అనుమతి పొందిన నుసినెర్సెన్, 2020లో అనుమతి పొందిన రిస్డిప్లామ్ మాత్రం జన్యువు జోలికే పోవు. ఎస్‌ఎంఎన్2 ఆర్‌ఎన్‌ఏలో ఆ ఏడో ఎక్సాన్ నిలిచేలా చేస్తాయి. మొదటిది వెన్నులోకి ఎక్కించాల్సిన మందు, రెండోది రోజూ నోటితో తీసుకునేది.

ఆ రెండో మందుకు జెనరిక్ తెచ్చే విషయంలో హైదరాబాద్‌కు చెందిన మందుల కంపెనీ నాట్కోపై నడిచిన పేటెంట్ వివాదం 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి వ్యాజ్యం బిజినెస్ పేజీలో, సాయం కోరే తల్లిదండ్రుల గోడు జిల్లా పేజీలో, శాస్త్రవేత్తల సమావేశం బెంగళూరు పేజీలో వస్తే, మూడింటినీ కలిపే దారం ఆర్‌ఎన్‌ఏ అని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? ఏ మందు ఏం చేస్తుందో తెలియకుండానే అప్పులు చేసే కుటుంబాలకు ఇది కాలక్షేపం సమాచారం కాదు.

కనుక ఇలాంటి సమావేశాలకు మీ విలేకరిని ప్రారంభోత్సవానికి బదులు రెండో రోజు పంపండి. పోస్టర్ల దగ్గర నిలబడేది ఎక్కువగా పరిశోధక విద్యార్థులే; వారిలో తెలుగువారూ ఉన్నారు. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన పోస్టరును నాకు తెలుగులోనే, ఏమాత్రం విసుక్కోకుండా వివరించింది. అయితే ఒక మనవి: ఎలుకల మీద జరిగిన ప్రయోగాన్ని 'క్యాన్సర్‌కు మందు దొరికింది' అనే శీర్షికతో మాత్రం వేయకండి. ఇంకా ప్రయోగశాలలోనే ఉన్నదేదో, ఆసుపత్రి దాకా వచ్చినదేదో విడదీసి రాస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
యలహంక, బెంగళూరు