టింకీ వింకీ చేతిసంచి

ఒరే రమణా,

నీ ఉత్తరం అందింది. మీ న్యూజెర్సీ ఎడిసన్‌లో చంటాడికి టెలిటబ్బీస్ అనే పిల్లల టీవీ కార్యక్రమం పెడితే పక్కింటాయన "ఆ ఊదారంగు బొమ్మ గే అట కదండీ" అన్నాడనీ, అందులో నిజమెంతనీ అడిగావు. ఆ మాట బొమ్మను తయారుచేసినవాళ్ల దగ్గర పుట్టలేదురా, చూసిన పెద్దవాళ్ల దగ్గర పుట్టింది. కాస్త పెద్ద కథే, టీ పెట్టుకుని కూర్చో.

ఆ కార్యక్రమం 1997 మార్చి 31న బీబీసీలో మొదలైంది. ఆన్ వుడ్, ఆండ్రూ డావెన్‌పోర్ట్ కలిసి చేశారు. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల కోసం. డావెన్‌పోర్ట్ చదువుకున్నది మనుషుల మాటకు సంబంధించిన శాస్త్రమే, అందుకే బొమ్మలన్నీ ముద్దుమాటలు మాట్లాడతాయి. ఆ బొమ్మల పొట్టమీదుండే టీవీ తెరలో వచ్చే చిన్న ఫిల్మును "మళ్లీ, మళ్లీ" అని అడిగించి రెండోసారి పూర్తిగా వేస్తారు. మనకు ప్రాణం విసుగెత్తుతుంది. ఆ వయసుకి మాత్రం రెండోసారే అసలు రుచి, ఏం రాబోతోందో ముందే తెలుసు కాబట్టి. బ్రిటన్‌లో మొదటి గొడవ కూడా దీనిమీదే: ఈ ముద్దుమాటలు వింటే పిల్లలకు సరిగ్గా మాటలు రావని. (అన్నట్టు, అందులో తిరిగే కుందేళ్లు నిజమైనవే. బొమ్మల వేషాల్లో ఉన్నది నిలువెత్తు మనుషులు కదా, మామూలు కుందేళ్లు పెడితే పక్కన మరీ పిసరంత కనిపిస్తాయని భారీ జాతివి తెచ్చి వదిలారు.)

ఇప్పుడు అసలు వాడి దగ్గరికి వద్దాం. టింకీ వింకీ నలుగురు టెలిటబ్బీల్లోకీ పెద్దవాడు, ఒళ్లంతా ఊదారంగు, నెత్తిమీద తలకిందుల త్రికోణం, చేతిలో ఎర్రసంచి. డిప్సీకి టోపీ, లాలాకి బంతి, పోకి కాలితో తోసే స్కూటర్ ఎలాగో, వీడికి సంచి అలాగ. తలో వస్తువు ఇవ్వడం ఎందుకంటే, పేరు పలకలేని పిల్లాడు కూడా వస్తువును బట్టి బొమ్మను గుర్తుపట్టాలని.

జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టరు, అమెరికా రాజకీయాల్లో బాగా పలుకుబడి ఉన్నవాడు, 1999 ఫిబ్రవరిలో తన పత్రికలో తల్లిదండ్రులకు హెచ్చరిక వేయించాడు. ఊదా గేల రంగు, త్రికోణం గేల గుర్తు, గొంతు మగపిల్లాడిది, చేతిలో ఆడవాళ్ల పర్సు, ఇదీ సాక్ష్యం. అందరూ కథ ఇక్కడ మొదలుపెడతారు, తప్పంతా అక్కడే. అంతకుముందే గే ప్రేక్షకులు ఆ సంచి చూసి ముచ్చటపడి, సరదాకి వాణ్ని తమవాడిగా కలిపేసుకున్నారు. 1999 జనవరి 1న వాషింగ్టన్ పోస్ట్ కొత్త సంవత్సరానికి ఏది పాతబడింది, ఏది కొత్త మోజు అన్న జాబితాలో టింకీ వింకీ పేరును కొత్త మోజు కింద ఎక్కించింది. ఒకళ్ల ముచ్చటే ఇంకొకళ్లకు కుట్రగా కనబడిందన్నమాట. త్రికోణం సంగతీ తిన్నగా లేదు. నాజీలు క్యాంపుల్లో స్వలింగ సంపర్కులైన మగవాళ్లకు కుట్టించింది గులాబీరంగు త్రికోణం. 1970ల్లో గే ఉద్యమం దాన్నే తన గుర్తుగా తిప్పుకుంది. వీడి నెత్తిమీదిది ఊదా, వీడి ఒంటిరంగే. నిర్మాతలేమో అది మాయసంచి, వాడు పసివాడు, అంతే అన్నారు.

ఫాల్వెల్ 2007 మే 15న పోయాడు. రెండు వారాలు తిరక్కుండానే అదే సంచి పోలండ్‌లో తేలింది! అక్కడి బాలల హక్కుల అధికారి ఎవా సొవిన్‌స్కా ఒక వారపత్రికతో, వాడు మగవాడని మొదట గమనించలేదనీ, సంచి సంగతి మనస్తత్వ నిపుణులతో చూపిస్తాననీ అంది. దేశమంతా నవ్వేసరికి వెనక్కి తగ్గింది. కానీ దాన్ని నవ్వులాటగా తీసేయకు. ఆవిడ వచ్చింది పోలిష్ కుటుంబాల లీగ్ అనే పార్టీ నుంచి. అదే పార్టీ విద్యామంత్రి ఆ ఏడాదే బడుల్లో "స్వలింగ ప్రచారం" మీద నిషేధం తెస్తానంటున్నాడు. సంచి వెనక చట్టం తెచ్చే ప్రయత్నం ఉందన్నమాట.

మరి పిల్లాడికేం కనిపిస్తుంది? లారెన్స్ కోల్‌బర్గ్ 1966లోనే రాశాడు: మూడేళ్లకు తను ఆడో మగో చెప్పగలరు గానీ, అది బట్ట మారిస్తే మారేది కాదని గట్టిగా తెలిసేది ఆరేడేళ్లకి. అప్పటిదాకా మగవాడు చీర కడితే ఆడమనిషి అయిపోయాడనే లెక్క. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషం కట్టి జడ విసిరితే మనవాళ్లు ఏ హెచ్చరికా అచ్చువేయలేదు, ఆ వేషానికి మనకు అలవాటు ఉంది కాబట్టి. ఎర్రసంచి చూసి "పర్సు" అనాలంటే ముందు పర్సులు ఎవరివో తెలియాలి. రెండేళ్లవాడికి అది సామాన్లు పట్టే సంచి.

ఇక్కడిదాకా నేను నిర్మాతల వైపే. కానీ అన్ని గొడవలూ ఈ గాటన కట్టకు. 2005లో అమెరికా పిల్లల కార్యక్రమం "పోస్ట్‌కార్డ్స్ ఫ్రమ్ బస్టర్" గొడవ వేరు. బస్టర్ కార్టూన్ కుందేలు, కెమెరా పట్టుకుని నిజమైన కుటుంబాల దగ్గరికి వెళ్తుంది. వెర్మాంట్‌లో మేపుల్ చెట్ల పాకం కాచడం చూడ్డానికి వెళ్లిన ఇంట్లో ఇద్దరు తల్లులు. ఇందులో ఊహించుకోవడానికేం లేదు, వాళ్లు ఉన్నారు, కార్యక్రమం చూపించింది. ఆ సీరీస్‌కి డబ్బు అమెరికా విద్యాశాఖ "రెడీ టు లెర్న్" గ్రాంటు నుంచి వస్తోంది. కొత్తగా పదవిలోకొచ్చిన మంత్రి మార్గరెట్ స్పెల్లింగ్స్ జనవరిలో దాన్ని పంపిణీ చేసే ప్రజా టీవీ సంస్థ పీబీఎస్‌కి ఉత్తరం రాసింది: ఈ జీవనశైలి చాలామంది తల్లిదండ్రులకు ఇష్టముండదు, ఆ భాగం డబ్బు వెనక్కివ్వడం ఆలోచించండి అని. పీబీఎస్ ఆ భాగాన్ని పంపిణీ చేయలేదు. ఉత్తరం రాకముందే నిర్ణయించుకున్నామంది. నమ్మితే నమ్ము.

అయినా అది ప్రసారమైంది, ఎలాగో చూడు. పీబీఎస్ మన దూరదర్శన్‌లా ఢిల్లీ నుంచి నడిచేది కాదు. ఏది వేయాలో ఏ ఊరి స్టేషన్‌కి ఆ స్టేషనే తేల్చుకుంటుంది. తయారుచేసిన బోస్టన్ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ నేరుగా అడిగినవాళ్లకు ఇచ్చింది, కొందరు వేశారు. అలబామా రాష్ట్రం స్టేషన్ వేయలేదు. 2019 మేలో ఆర్థర్ కార్టూన్‌లో మాస్టారు రాట్‌బర్న్ ఇంకో మగవాణ్ని పెళ్లాడితే, అదే అలబామా మళ్లీ ఆపి పాత భాగం వేసింది. పద్నాలుగేళ్లలో మిగతా దేశంలో మారింది అక్కడ మారలేదు.

అమెరికా పిల్లల బొమ్మల కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లోని బర్ట్, ఎర్నీల విషయంలో మాత్రం సంస్థ జవాబు నాకు నచ్చదు. ఒకే గదిలో రెండు మంచాల మీద పడుకునే ఈ స్నేహితులకు పెళ్లి చేయమని 2011లో అర్జీ వస్తే, బొమ్మలకు లైంగికత ఉండదన్నారు. స్నేహితులని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మరి అదే తరహా బొమ్మలైన మపెట్లలో మిస్ పిగ్గీ అనే పంది కెర్మిట్ కప్ప వెంట దశాబ్దాలుగా పడుతోందే, అదేమిటి? మగా ఆడా అయితే బొమ్మలు ప్రేమించుకోవచ్చు కాబోలు.

ఇంత గోలలో ఎవరూ లెక్కపెట్టనిది ఒకటుంది. సెసమీ స్ట్రీట్ 1969లో మొదలైనప్పుడు ముఖ్యమైన బొమ్మలు దాదాపు అన్నీ మగవే. దాని మన దేశపు రూపం గలీ గలీ సిమ్ సిమ్ 2006లో బడి యూనిఫాం వేసుకున్న చమ్కీ అనే ఆడపిల్లను పెట్టింది ఆ లోటు తెలిసే. హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్ చూడు, 2008 నుంచి ఆ జట్టులో చుట్కీ ఎన్నిసార్లు లడ్డూ అందించింది, ఎన్నిసార్లు తనే దెబ్బ కొట్టింది? చంటాడి పక్కన కూర్చుని పది భాగాలు చూసి ఒక కాగితం మీద గీతలు పెట్టు. పక్కింటాయన మళ్లీ వస్తే ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి, సంచి సంగతి తర్వాత చూద్దామను.

చెల్లాయిని అడిగానని చెప్పు. ఉంటాను.

నీ
శేషు