శాంపిల్ సరిగా లేకపోతే పీసీఆర్ ఏం చేస్తుంది?

సంపాదకులకు,

పశువులో గాలికుంటు లక్షణాలు కళ్లెదుటే కనిపిస్తుంటే, పీసీఆర్‌లో (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షలో) నెగెటివ్ వచ్చిందని జబ్బే లేదని రాసేయకండి. చాలాసార్లు లోపం శాంపిల్‌లోనే ఉంటుంది. చిట్లని పొక్కు మీది పొరను గానీ, అప్పుడే చిట్లినదాన్ని గానీ కనీసం ఒక గ్రాము తీయాలి. మానుతున్న పుండులో వైరస్ పెద్దగా మిగలదు. ఈ వైరస్‌కు ఆమ్లం అసలు పడదు. అందుకే గ్లిసరాల్, ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత మారకుండా చూసే ద్రావణం) సమపాళ్లలో కలిపి, పీహెచ్ 7.2–7.6 మధ్య ఉండేలా చూసి, అందులో పొరను వేసి ఐస్ మీద పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది, వైరస్‌ను కణాల్లో పెంచి చూసే వీలూ పోతుంది. రక్తమైతే, గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన గొట్టంలోనే తీయాలి, అదే పనికి వాడే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లే తొందరలో చేతికందిన గొట్టం వాడేస్తుంటారు!

పాజిటివ్ వచ్చినా పని సగమే అయినట్టు. ఈ వైరస్‌లో 7 సీరోటైపులు (రోగనిరోధక శక్తి వేర్వేరుగా గుర్తించే రకాలు) ఉన్నాయి. ఒకదాని టీకా మరోదాన్ని ఆపదు. రకం తేల్చడానికి ఎలైసా అనే పరీక్ష ఉంది. ఎటునుంచి వచ్చిందో అంచనా వేయాలంటే మాత్రం వైరస్ పైపొర ప్రొటీన్‌కు సంబంధించిన వీపీ1 జన్యుభాగాన్ని సీక్వెన్స్ చేసి (దాని క్రమాన్ని చదివి), పాత నమూనాలతో పోల్చాలి. కోలుకున్న పశువు గొంతులో, జబ్బు సోకి 28 రోజులు దాటినా వైరస్ దొరకొచ్చు కాబట్టి, వార్తలో ఏ శాంపిల్, ఏ రోజు తీశారో కూడా ఇవ్వండి.

— పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్ సిబ్బంది