చిన్నోడి మోచెయ్యి గురించి

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాన్రా, గొంతులోనే తెలిసిపోయింది ఎంత బెంగపెట్టుకున్నావో. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతా, అందుకే కూర్చుని రాస్తున్నా. చిన్నోడికి తెగిందన్నది యూసీఎల్, మోచేతికి లోపలివైపు ఎముకనీ ఎముకనీ కలిపి కట్టే లిగమెంట్, బంతి విసిరేటప్పుడు కీలు పక్కకి తెరుచుకోకుండా పట్టి ఉంచేది అదే.

ఒకప్పుడు ఇది తెగితే బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ ఇంటికే. 1974లో లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే డాడ్జర్స్ టీమ్ పిచర్‌కి కుడి ముంజేతిలోంచి టెండన్ (కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది) తీసి ఎడమ మోచేతిలో లిగమెంట్‌గా వేశాడు, ఆయన 1976లో మళ్ళీ దిగి 1989 దాకా ఆడాడు, 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే!

జోబ్ పద్ధతిలో పైఎముకకీ కిందిఎముకకీ రంధ్రాలు చేసి టెండన్‌ని 8 అంకెలా తిప్పి కుట్టేస్తారు. అప్పట్లో కండని ఎముక నుంచి ఊడదీసి మోచేతి దగ్గర పోయే నరాన్ని కూడా పక్కకి జరిపేవాళ్ళు, టామీ జాన్‌కి నరం ఇబ్బందిపెట్టి ఇంకో ఆపరేషన్ కూడా పడింది. ఇప్పుడు కండని పోగుల వెంబడి చీల్చి లోపలికి వెళ్తారు, తిమ్మిర్లు లేకపోతే నరాన్ని చాలామంది ముట్టుకోరు. తర్వాత న్యూయార్క్‌లో డాక్టర్ ఆల్చెక్ వాళ్ళు డాకింగ్ అని తెచ్చారు, పైఎముకలో ఒకటే గుంత, టెండన్ రెండు కొసలూ అందులో దింపి దారాలు చిన్న రంధ్రాల్లోంచి బయటికి లాగి ఎముక మీద ముడేస్తారు. పైఎముకకి పెద్ద రంధ్రాలు తగ్గుతాయి, బిగువు సరిచూసుకోవడం కూడా సులువు, నాకైతే ఇదే నచ్చుతుంది.

కానీ డాక్టర్‌ని ముందు అడగాల్సింది వేరే ఉంది, అసలు ఎక్కడ తెగింది, ఎంత తెగింది? కొసన ఊడి మిగతాది బాగుంటే కొత్త టెండన్ వెయ్యకుండా ఉన్నదాన్నే కుట్టి పైన గట్టి టేపు వేస్తారు, ఇంటర్నల్ బ్రేస్ అంటారు, అలాంటివాళ్ళు చాలామంది ఆరేడు నెలల్లో ఆటకొస్తున్నారు. టెండన్ వేస్తే ఏడాది పైనే. కొంచెమే చిరిగితే ముందు రెస్టూ ఫిజియోథెరపీతో చూడొచ్చు, ఆ మాట కచ్చితంగా అడుగు.

ఏడాది ఎందుకంటే వేసిన టెండన్‌కి మొదట్లో రక్తం అందదురా, ఒళ్ళు దాన్లోకి మెల్లగా రక్తనాళాలు పెంచుకోవాలి, ఈలోపు నొప్పి తగ్గిపోయి పిల్లలు బాగైపోయిందనుకుని విసిరేస్తారు, నాకు భయం అక్కడే. ఆపరేషన్ చేయిస్తే స్పీడ్ పెరుగుతుందని అక్కడ ఎవరైనా పేరెంట్స్ చెప్తే అస్సలు నమ్మకు.

ఎమ్మారై రిపోర్ట్ ఫోటో తీసి పంపు. చెల్లెమ్మని ధైర్యంగా ఉండమను, చిన్నోడితో ఆదివారం నేనే మాట్లాడతా.

నీ
రవి