గట్టు మీద కొంగలు

బుజ్జమ్మా,

రొయ్యల గుంటలోకి వచ్చే జీవి గురించి నువ్వు తీయబోయే సినిమాకు రాసి పంపిన కథ మూడుసార్లు చదివాను. గ్రాఫిక్స్‌కి రెండు లక్షలు కావాలన్న మెసేజ్ కూడా చూశాను. డబ్బు సంగతి తర్వాత చెప్తాను.

నువ్వు చూడమన్న 'మాన్‌స్టర్స్' సినిమా మొన్న రాత్రి షెడ్డులో కూర్చుని ఫోన్లో చూశాను. బయట గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. మేత వేసే కుర్రాడు కూడా పక్కన చేరాడు. పది నిమిషాలకొకసారి "భూతం ఎప్పుడొస్తుందన్నా?" అని అడిగాడు. సగం దాటాక అడగడం మానేశాడు. ఆ ఫొటోగ్రాఫరూ, ఆ అమ్మాయీ భూతాలున్న చోటు గుండా అమెరికా సరిహద్దు దాటతారా లేదా అన్నదే వాడి బెంగ అయిపోయింది. నువ్వు ఈ సినిమాను ఎందుకంత ప్రేమిస్తావో నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత దాని గురించి వెతికి చదివాను. 2010లో వచ్చిన సినిమా, ఖర్చు ఐదు లక్షల డాలర్ల లోపే. గారెత్ ఎడ్వర్డ్స్ తనే రాసి, తనే కెమెరా పట్టి, ఆ జీవుల్ని తన కంప్యూటర్లో తనే తయారు చేసుకున్నాడట. వెంట వచ్చింది గుప్పెడు మంది. ఇద్దరు ప్రధాన నటులు తప్ప మిగతా చాలామంది ఆ ఊళ్లలో దొరికిన మామూలు మనుషులే. చివర్లో కూలిపోయిన ఇళ్లు కనిపిస్తాయే, అవి సెట్టు కాదు. 2008లో ఐక్ తుపాను కొట్టిన టెక్సాస్ తీరపు ఊరు. ఆయన చేతికే 2014లో గాడ్జిల్లా సినిమా ఇచ్చారు. ఇదంతా నీకు తెలిసిందే, కానీ నాకు కొత్త కదా, సంతోషమేసి రాస్తున్నాను.

నాకు బాగా పట్టుకున్నది ఉంగరం. పడవ టికెట్టుకు ఐదు వేల డాలర్లు చెప్తాడు ఒకడు. పాస్‌పోర్టులు పోతాయి. చివరికి ఆ అమ్మాయి నిశ్చితార్థపు ఉంగరం ఇచ్చి దారి కొనుక్కుంటుంది. అక్కడ జీవి లేదు, అరుపు లేదు. అయినా బయట ఏముందో, ఆ మనుషులు దేనికి భయపడుతున్నారో ఆ ఉంగరం చెప్పింది. అలాగే ఆ ఫొటోగ్రాఫరు. చనిపోయిన పిల్లవాడి ఫొటోకి యాభై వేల డాలర్లిస్తారు, నవ్వే పిల్లవాడి ఫొటోకి ఏమీ ఇవ్వరు అంటాడు. పెట్రోలు బంకులో తన కొడుక్కి ఫోన్ చేస్తాడు చూడు, తను తండ్రినని ఆ పిల్లాడికి తెలియదు. అప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు గట్టు మీద నడిచొచ్చాను.

నీ కథలో నాకు నచ్చనిది కూడా అక్కడే ఉంది తల్లీ. నీ అన్నాచెల్లెళ్లు మొదటి పేజీ నుంచి గుంటలోని జీవి గురించే మాట్లాడతారు. అది రాకముందు వాళ్లకు బతుకు లేదా? వాళ్ల అప్పు ఎంత? అన్న పెళ్లి ఎందుకు ఆగింది? అది రాసుకుంటే జీవిని రెండుసార్లు చూపించినా చాలు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. 1995లో మన గుంటలకు వైట్ స్పాట్ అనే వైరస్ రోగం తగిలింది. అప్పుడు వేసింది టైగర్ రొయ్య. వైరస్ కంటికి కనపడదు. ముందురోజు, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయింది. రొయ్యలు గట్టు వారకు వచ్చి నీరసంగా తిరుగుతున్నాయి. తెల్లవారేసరికి కొంగలొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గట్టు తెల్లబడిపోయింది. మామూలుగా ఒక్క కొంగ వాలినా మీ తాత డబ్బా వాయించుకుంటూ పరిగెత్తేవాడు. ఆ రోజు డబ్బా చేతిలోనే ఉంది. వాయించలేదు. గట్టు మీద కూర్చుండిపోయాడు. నేను వెళ్లి తోలబోతే "వద్దులేరా, తిననీ" అన్నాడు.

మూడు రోజుల్లో గుంట ఖాళీ. నెల తిరక్కముందే మీ జేజి చేతులకు మట్టి గాజులు వచ్చాయి. బంగారు గాజులు ఏమయ్యాయని ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఆమె పోయేదాకా ఎవరమూ అడగలేదు.

మీ తాత అలా కూర్చోవడం కంటే భయంకరమైనది నా జీవితంలో నేను చూడలేదు. నీ జీవి గుంటలోకి వచ్చిందని చెప్పాలంటే కొంగల్ని చూపించు. వాటిని తోలని మనిషిని చూపించు. అతని వెనక ఆడమనిషి మట్టి గాజుల చేతులు చూపించు.

సరంజామాకు కూడా ఇబ్బంది లేదు. బకింగ్‌హాం కాలువ పక్కన అప్పట్లో వదిలేసిన గుంటలు కొన్ని ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయి. గట్లు తెగిపోయాయి, షెడ్లకు పైకప్పుల్లేవు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఏరియేటరు ఒకటి బురదలో సగం దిగబడి ఉంది. రాత్రిపూట టార్చి వేస్తే దాని రెక్కలు నాకే గుండె ఝల్లుమనేలా కనిపిస్తాయి. స్థలం వాళ్లతో మాట్లాడాను, షూటింగుకు సరేనన్నారు. కరెంటుకి మన జనరేటరు ఉంది. అన్న పాత్రకు మన కుర్రాడినే ఒకసారి చూడు. వాడు నీళ్లవైపు చూస్తే లోతు ఎంతో వాడి కళ్లలో తెలుస్తుంది.

రెండు లక్షలూ నీ పేరనే పక్కన పెట్టాను. అది నీ డబ్బే, ఎలా వాడాలో నీ ఇష్టం. కానీ ముందు ఇక్కడికి రా. నాలుగు రోజులుండి తీసిచూడు. అప్పటికీ గ్రాఫిక్స్ కావాలంటే ఆ రోజే పంపిస్తాను.

ఇంకో ఇరవై రోజుల్లో రొయ్యల పట్టుబడి ఉంది, ఆలోపే రావాలి. పట్టుబడి అయ్యాక గుంటలో నీళ్లుండవు. కొంగలు చీకటి విడవకముందే వస్తాయి, ఆరు దాటితే ఎండ మొహాన పడుతుంది. కెమెరా ఐదింటికల్లా గట్టు మీద ఉండాలి. నేను లేపుతాను.

మీ నాయన
మైపాడు